చెప్పించిన మాటలు

ఏడువందల ఏళ్ల కిందట ఒక కొండపల్లెలో ఆడవాళ్లు ఎంత స్వేచ్ఛగా మాట్లాడారో చూశారా అని ఎవరైనా మీతో అన్నారనుకోండి. "ఎవరి ముందర మాట్లాడారు?" అని ఒక్క ప్రశ్న వెయ్యండి చాలు. అవతలి మనిషి కాస్త తడుముకుంటాడు. తడుముకోక ఏం చేస్తాడు? మతద్రోహులను వెతికి శిక్షించే బిషప్పుగారు ఎదురుగా కూర్చుని ఉండగా, పక్కన గుమాస్తా కలం పట్టుకుని ఉండగా, సాయంత్రానికి ఇంటికి పోతామో జైలుకి పోతామో తెలియని ఆడవాళ్లు చెప్పిన మాటలవి. చెప్పిన మాటలు అనడం కూడా మర్యాదకే. చెప్పించిన మాటలు.

ఆ ఊరి పేరు మోంతాయూ. ఫ్రాన్సుకి దక్షిణాన, స్పెయిను వైపు పిరనీస్ పర్వతాలున్నాయి గదా, ఆ కొండల్లో సుమారు 1,300 మీటర్ల ఎత్తున, ఆరియెజ్ అనే జిల్లాలో ఉంది. ఇవాళ అక్కడ ఏడాది పొడుగునా కాపరం ఉండేవాళ్లు యాభైమంది కూడా ఉండరు. కూలిపోయిన కోట తాలూకు గోడలు, ఒక చర్చి, చుట్టూ పచ్చిక బయళ్లు, చలికాలం వస్తే మంచు. 1300 ప్రాంతంలో మాత్రం అక్కడ రెండువందలకీ రెండువందల యాభైకీ మధ్య జనం ఉండేవారు. గొర్రెలే ఆస్తి. బరువులు మోసేది గాడిదలూ కంచరగాడిదలూ, లేదా మనుషుల వీపులూ. ఆడవాళ్లు నెత్తిన కుండ పెట్టుకుని నీళ్లు తెచ్చుకునేవారు. ఈ ముక్క చదవగానే నాకు ఆ ఊరు పరాయిది కాకుండా పోయింది.

ఇంత చిన్న ఊరు లోకానికెలా తెలిసిందంటే, ఒక పుస్తకం వల్ల. 1975లో ఎమ్మాన్యుయెల్ లె ర్వా లదురీ అనే ఫ్రెంచి చరిత్రకారుడు ఈ ఊరి మీద ఒక గ్రంథం రాశాడు. పండితులకోసం రాసిన చరిత్ర కాస్తా సామాన్యపాఠకులు ఎగబడి కొనుక్కునే పుస్తకమైంది. 1978లో ఇంగ్లీషులోకి వచ్చింది. రాసినాయన 2023లో, 94 ఏళ్ల వయసులో పోయాడు. రాజులూ యుద్ధాలూ లేని చరిత్ర అది. గొర్రెలకాపరి ఏం తిన్నాడు, పెళ్లాం మొగుడితో ఏమంది, చచ్చిపోయినవాళ్ల ఆత్మలు ఎక్కడ తిరుగుతాయనుకున్నారు, ఇవీ అందులో సంగతులు. వీటన్నిటికీ ఆధారం ఒక్కటే. జాక్ ఫూర్నియే అనే బిషప్పు రాయించిన విచారణ రిజిస్టరు. ఫూర్నియే 1317లో పామియే పట్నానికి బిషప్పయ్యాడు. 1318 నుంచి 1325 దాకా తన ఇలాకాలోని జనాన్ని పిలిపించి ప్రశ్నించాడు. తర్వాత 1334లో పదోన్నతి మీద పదోన్నతి వచ్చి ఏకంగా పోపు అయ్యాడు, పన్నెండో బెనెడిక్టు అన్న పేరుతో. ఆ రిజిస్టరు అలా పోపుల గ్రంథాలయంలోకి చేరి ఇప్పటికీ వాటికన్‌లో ఉంది. ఝాన్ దువెర్నువా అనే పండితుడు 1965లో దాని లాటిన్ మూలాన్ని మూడు సంపుటాలుగా అచ్చువేశాడు.

(ఈ పేర్లకి నోరు తిరగకపోతే కంగారుపడకండి. నాకూ తిరగలేదు. ఫ్రెంచివాళ్లకి మన పేర్లు తిరుగుతాయా ఏం?)

ఇంతకీ ఆ పల్లె జనం చేసిన నేరమేమిటి? వాళ్లలో చాలామంది కథార్లు అనే శాఖవారి బోధలు విన్నారు. కథార్ల లెక్కలో ఈ కనబడే లోకమంతా సైతాను సృష్టి, ఆత్మ ఒక్కటే దేవుడిది. వాళ్ల గురువులు మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. పైగా ఆత్మ ఒక శరీరం విడిచి ఇంకో శరీరంలో దూరుతుందని నమ్మకం. రిజిస్టరులో ఒక కథ ఉంది. ఒక గురువు పూర్వజన్మలో గుర్రమట. ఒక రాత్రి రెండు రాళ్ల మధ్య కాలు ఇరుక్కుని నాడా ఊడిపోయిందట. మనిషై పుట్టాక అదే దారిన నడుస్తూ ఆ చోటు గుర్తుపట్టి, తోటివాడితో కలిసి వెతికితే నాడా దొరికిందట! మన పురాణకాలక్షేపంలో చెబితే ఎవరూ నొసలు చిట్లించరు. అక్కడ మాత్రం ఈ కథని నమ్మితే జైలు, నమ్మి మళ్లీ నమ్మితే మంట.

చెప్పొద్దూ, ఆ పుస్తకం చదువుతుంటే నవలలు రాసుకునేదాన్ని గనక నాకు అసూయ వేసింది. ఎన్ని వివరాలు! ఆ ఊళ్లో ఇల్లంటే వంటిల్లే, పొయ్యే ప్రాణం. రాత్రి పడుకునేముందు నిప్పు మీద బూడిద కప్పేవాళ్లు. ఒకే కప్పు కింద ఒకవైపు మనుషులు, ఒకవైపు పశువులు. ఎండలో కూర్చుని ఆడవాళ్లు ఒకరి తలలో ఒకరికి, మగవాళ్ల తలల్లోనూ, పేలు చూసేవాళ్లు. ఆ చూసేటప్పుడే ఊరి కబుర్లన్నీ. ఇంటి పెద్ద పోతే ఆయన గోళ్లూ వెంట్రుకలూ కాసిని కత్తిరించి దాచుకునేవాళ్లు, ఇంటి కళ ఆయనతో పోకుండా. ఏ నవలాకారుడు ఊహించి రాయగలడు ఇది?

అయితే మరి నీ గొడవేమిటమ్మా అంటారా? చెబుతాను.

ఈ వివరాలు మనదాకా ఎలా వచ్చాయో చూడండి. రైతుబిడ్డ తన ఓక్సితాన్ భాషలో చెబుతుంది. గుమాస్తా గబగబా గుర్తులు రాసుకుంటాడు. ఆ తర్వాత దాన్ని లాటిన్‌లోకి దించుతాడు. లాటిన్ ఆవిడకి ఒక్క ముక్క రాదు. ఆవిడకి మళ్లీ ఆవిడ భాషలో చదివి వినిపిస్తారు. అవునంటుంది. అప్పుడు చర్మపత్రం మీద సాపుప్రతి ఎక్కుతుంది. మన కోర్టు కాగితాల్లో "చదివి వినిపించగా సరి అని ఒప్పుకుని వేలిముద్ర వేయడమైనది" అని ఉంటుందే, అచ్చం ఆ బాపతు. పైగా చాలాచోట్ల "నేను" అన్న మాట ఉండదు. "ఆమె చెప్పినది ఏమనగా" అనే ధోరణి. మాట మాట్లాడినవాళ్లది, వాక్యం రాసినవాడిది. ప్రశ్న ఎక్కువచోట్ల రాయనే రాయలేదు, జవాబే ఉంది. ప్రశ్న తీసేసి జవాబు మాత్రమే అచ్చువేస్తే ఏ మనిషైనా అదేపనిగా తన గుట్టంతా తానే విప్పుకున్నట్టు కనబడుతుంది. నవలలో సంభాషణ రాసేవాళ్లెవరికైనా ఈ కిటుకు తెలుసు. అది తెలిసి కూడా "ఆహా, పల్లె నోరు విప్పింది" అని పరవశించిపోయే రచయితలని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంతలోకే ఒకరు అడ్డొస్తారు. ఫూర్నియే చిత్రహింసలు పెట్టలేదు గదండీ, ఓపిగ్గా వినేవాడు గదండీ అని. నిజమే. కుష్ఠురోగుల మీద 1321లో లేనిపోని కుట్ర అంటగట్టిన ఒక కేసులో తప్ప, ఆయన హింస వాడించినట్టు కనబడదు. మొత్తం 370 రోజులు, 578 సార్లు జనాన్ని కూర్చోబెట్టి ప్రశ్నించాడు. ఓర్పుకి మెచ్చుకోవలసిందే! కాని హింసించక్కర్లేదు, బాబూ. జైలు రెండు రకాలు. ఒకదాంట్లో కాస్త మసలవచ్చు. రెండోదాంట్లో కాళ్లకి సంకెళ్లు, రొట్టె, నీళ్లు. బయటికి వదిలితే బట్టల మీద, ముందూ వెనకా పసుపుపచ్చ గుడ్డతో కుట్టిన శిలువ, ఊరంతా చూసేట్టు. ఆస్తి జప్తు. అయిదుగురిని సజీవంగా కాల్చారు. ఇవన్నీ గది బయట నిలబడి ఉంటే, గదిలో బిషప్పుగారు ఎంత మెత్తగా మాట్లాడితే ఏం?

ఇంకో సంగతి. ఫూర్నియే రాకముందే ఆ ఊరు ఒకసారి దెబ్బ తింది. 1308లో కార్కసోన్ నుంచి విచారణాధికారి మనుషులు వచ్చి, పన్నెండు పధ్నాలుగేళ్లు దాటిన ప్రతివాళ్లనీ పట్టుకున్నారు. ఊరు ఊరంతా! అంచేత పదేళ్ల తర్వాత బిషప్పు దగ్గర్నుంచి పిలుపు వస్తే అది ఏ పిలుపో వాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆ ఊరిని లోపల్నుంచి ఏలినవాళ్లు క్లెర్గ్ అన్నదమ్ములు. అన్నో తమ్ముడో గాని, పియేర్ క్లెర్గ్ చర్చిలో ఫాదరీ. బెర్నార్ క్లెర్గ్ ప్రభువు తరఫున శిస్తులు వసూలు చేసే అధికారి. ఒకడి చేతిలో పరలోకం, ఒకడి చేతిలో ఇహలోకం. మన ఊళ్లల్లో కరణమూ మునసబూ ఒకే ఇంట్లో ఉంటే ఎలా ఉండేదో, 1984లో ఆ ఉద్యోగాలు రద్దు కాకముందు సంగతులు, మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఈ ఫాదరీ మొదట్లో తానూ కథార్ల పక్షమే. తర్వాత కార్కసోన్‌కి ఊరి గుట్టు చేరవేసే పనిలోనూ ఉన్నాడు. తనకి కావలసినవాళ్లని కాపాడటం, కానివాళ్లని పట్టివ్వడం. అలాంటివాడి మాట కాదనగల ఆడది ఆ ఊళ్లో ఎంతమంది?

ఇది మనసులో ఉంచుకుని గ్రాజీద్ సంగతి వినండి. బిషప్పు ముందు నిలబడేటప్పటికి ఇరవై దాటి ఒకటి రెండేళ్లు. పధ్నాలుగు, పదిహేనేళ్లప్పుడు ఈ ఫాదరీ వాళ్ల ఇంటికి వచ్చి ఆ పిల్లని లోబరుచుకున్నాడు. తల్లికి తెలుసు. తర్వాత ఆ పిల్లకి పెళ్లయింది. మొగుడికీ తెలుసు. ఫాదరీ తప్ప ఇంకెవరైనా అయితే ఊరుకోననేవాడట ఆ మహానుభావుడు. అది పాపమని తోచలేదా అని బిషప్పు అడిగితే, ఇద్దరికీ ఇష్టమైనప్పుడు దేవుడికి కోపమెందుకు అన్న అర్థంలో ఆ పిల్ల జవాబు చెప్పింది. అంతే, ఈ ఒక్క జవాబు పట్టుకుని గ్రాజీద్‌ని స్వేచ్ఛాప్రణయానికి అధిదేవతని చేశారు. మా సాహిత్యమిత్రులొకరు ఒక సభలో, చలంగారి నాయికలకి ముత్తవ్వ అని కూడా అనేశారు. చప్పట్లు కొట్టారు జనం.

అయ్యా, పధ్నాలుగేళ్ల పిల్ల. వచ్చినవాడు ఊరి గురువు. అతని అన్నదమ్ముడు ఊరి అధికారి. కాదంటే కార్కసోన్ జైలుకి దారి వాళ్లకి తెలుసు. ఆ పరిస్థితిలో పెరిగిన పిల్ల తన బతుకుని తాను భరించడానికి ఒక న్యాయం కల్పించుకుంది, దాన్ని జడ్జీ ముందు కూడా వదులుకోలేదు. ఆ పట్టుదలకి నేను దణ్ణం పెడతాను. ఆ పిల్ల తెలివితక్కువదని అనను, ఇష్టమన్న మాట అబద్ధమనీ అనను. కాని ఇష్టం అన్న మాట ఎవరి నోట వచ్చినా, కాదనే వీలు వాళ్లకి ఉండిందా లేదా అని చూడాలి గదా! మగ పండితులు అది చూడరు. వాళ్లకి ఆ ఫాదరీ సరసుడిలా కనబడతాడు. పుస్తకం నిండా అతని సరసాల లెక్కే. అతని సొంత వాఙ్మూలం మాత్రం మనకు దొరకలేదు. జైల్లో పోయాడు. ఆడవాళ్ల గుట్టంతా పత్రాలకెక్కింది, మగవాడి గుట్టు ఆడవాళ్ల నోటినుంచే తెలియాల్సి వచ్చింది.

ఆ ఊళ్లో నోరు విప్పితే ఏమయ్యేదో తెలియాలంటే మాంగార్ద్ మోర్స్ ఉంది. క్లెర్గ్ అన్నదమ్ములు ఒకప్పుడు కథార్లతో పూసుకు తిరిగారని ఆ మాట బయట అన్నది. ఆవిడ నాలుక కోయించారు. నాలుక కోయించడం అన్నది నేను ఉపమానానికి అనడం లేదు. నిజంగా కోయించారు. స్వేచ్ఛగా మాట్లాడిన ఆడవాళ్ల ఊరని పేరు పడ్డ ఊళ్లో జరిగిన సంగతి ఇది.

నోరు విప్పకపోతేనో? ఆన్యెస్ ఫ్రాంకూ అనే ముసలావిడ ఉంది. ఈవిడ మోంతాయూ మనిషి కాదు, వేరే శాఖ, వాల్డెన్సియన్లంటారు. కాని అదే బిషప్పు, అదే విచారణ. వాళ్ల మతంలో ప్రమాణం చెయ్యడం తప్పు. నిజమే చెబుతానని ప్రమాణం చెయ్యమన్నాడు బిషప్పు. చెయ్యనంది. మళ్లీ అడిగాడు. చెయ్యనంది. ఇంతే ఆవిడ అపరాధం. తనతోబాటు పట్టుబడ్డ రేమోఁ అనే ఆయనకి చిన్నప్పుడు పాలిచ్చి పెంచిన దాది ఈవిడ. 1320 మే 1న ఇద్దరినీ కలిపే కాల్చారు. ఆవిడ గురించి రిజిస్టరులో పెద్దగా కబుర్లు లేవు. పేలు చూసిన కథలూ, ప్రేమ కథలూ ఏమీ లేవు. మాట్లాడనివాళ్ల మీద ఎవరు పుస్తకం రాస్తారు?

ఈ అభ్యంతరాలు నాకొక్కదానికే తట్టాయనుకోకండి. లెనర్డ్ బాయిల్ అనే మతాచార్యుడు, పాత పత్రాల్లో దిట్ట, 1981లోనే లె ర్వా లదురీ ఆ రిజిస్టరుని వాడుకున్న తీరుని తప్పుపట్టాడు. రెనాటో రోసాల్డో అనే మానవశాస్త్రజ్ఞుడు 1986లో ఇంకా గట్టి మాటన్నాడు. విచారణాధికారి ఆధిపత్యాన్ని పక్కకి తోసేసి, ఆయన సేకరించిన సరుకుని మాత్రం పల్లె తాలూకు నిజస్వరంలా వాడుకున్నారని. నాకు ఆశ్చర్యమేమిటంటే, పండితులు ఇంతగా కొట్టుకున్నా మన సాహిత్యసభల దాకా ఆ గొడవ రాలేదు. ఇక్కడ ఇంకా "స్వేచ్ఛ" దగ్గరే ఉన్నాం. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. గొర్రెలు తోలుకుంటూ కొండలు దాటి కాటలోనియా దాకా పోయివచ్చిన పియేర్ మోరీ లాంటి మగవాళ్ల మాటలూ చెప్పించినవే. వాళ్లనీ అలాగే చదవాలి.

మరైతే చదవకూడదా? ఎందుకు చదవకూడదు! చదవండి. బిషప్పుకి అక్కర్లేనివి ఏమున్నాయో వెతుక్కుంటూ చదవండి.

నేను వెతుక్కున్నది ఒకటి చెబుతాను. కొండల అవతల ఆర్క్ అని ఇంకో ఊరు. అక్కడ గొర్రెల మందలున్న రేమోఁ పేర్ అనే ఆసామి, పెళ్లాం సిబీల్. మోంతాయూ నుంచి వెళ్లిన పియేర్ మోరీ కాపరిగా పనిచేసిన ఇల్లే అది. వాళ్లకి ఇంకా ఏడాది నిండని ఆడపిల్ల. జబ్బు చేసి బతకదనిపించింది. కథార్ల గురువు వచ్చి పిల్లకి మంత్రోపదేశంలాంటిది చేశాడు. ఆ తంతు జరిగాక ఇక పాలు ముట్టకూడదు, తల్లిపాలు కూడా. అలా పోతే పిల్ల సరాసరి దేవదూత అవుతుంది. తండ్రికి మహా సంతోషమైంది. గురువూ తండ్రీ కలిసి బయటికి వెళ్లారు.

వాళ్లు గడప దాటారో లేదో, సిబీల్ పిల్లని ఒళ్లోకి తీసుకుని పాలిచ్చింది.

మొగుడు తిరిగొచ్చి ఈ సంగతి తెలిసి మండిపడ్డాడు. చాలాకాలం పెళ్లాం మీదా పిల్ల మీదా ప్రేమ లేకుండా ఉన్నాడట. పిల్ల ఆ తర్వాత ఇంకో ఏడాది దాకా బతికింది. ఇదీ బిషప్పు ముందు చెప్పిన మాటే, ఆయన రాయించిందే. కాని ఆయనకి ఇందులో కావలసిందేమిటి? ఇంటికి వచ్చిన ద్రోహి ఎవడు, తంతు ఎలా చేశాడు, ఈవిడ దాన్ని నమ్మిందా లేదా. ఆ పాలిచ్చిన ముక్క ఆయన నేరపట్టికలో ఏ గడిలోనూ పట్టదు. ఒకవైపు చర్చి మగవాళ్లు, ఇంకోవైపు చర్చిని ఎదిరించిన మగవాళ్లు, ఇద్దరూ పెద్ద పెద్ద సిద్ధాంతాలు పెట్టుకుని కూర్చుంటే, ఆవిడ ఏ సిద్ధాంతం మీదా వాదన పెట్టుకోలేదు. మగవాళ్లు బయటికి పోయేదాకా ఆగింది. స్వేచ్ఛ అన్న మాట ఎవరికైనా వాడితీరాలంటే నేను ఆ కాసేపటికి వాడతాను.

ఇక బెయాత్రిస్. అందరికీ తెలిసిన పేరు ఇదే గనక చివరికి పెట్టాను. మోంతాయూ కోటలో ప్రభువు తరఫున ఉండే అధికారి భార్య. ఈవిడకీ పియేర్ క్లెర్గ్‌కీ నడిచిన సంబంధం మీద ఎంత సిరా ఖర్చయిందో! కోటలో దొరసాని, చర్చిలో ఫాదరీ, చుట్టూ మంచుకొండలు. సీరియల్‌కి ఇంతకన్నా ఏం కావాలి? కాని వరస చూడండి. మొగుడు బతికి ఉండగానే ఈ క్లెర్గ్‌ల బంధువు ఒకడు ఆవిణ్ని బలాత్కరించాడు. విధవ అయ్యాక వాడే బాహాటంగా ఉంచుకున్నాడు. ఆ తర్వాత ఒక ఉపవాసాల రోజుల్లో పాపాలు ఒప్పుకుందామని చర్చికి వెళితే, ఒప్పుకోలు వినవలసిన ఫాదరీయే అక్కడే ముద్దుపెట్టుకుని తన కోరిక బయటపెట్టాడు. గర్భం రాకుండా ఏదో మూలిక గుడ్డలో కట్టి తెచ్చేవాడట. అది నా దగ్గర ఉంచమని ఈవిడ అడిగితే, ఉంచితే ఇంకెవరితోనైనా వాడుకుంటావేమోనని ఇవ్వలేదట. తానే తెచ్చి, తానే పట్టుకుపోయేవాడు. ఇది ప్రణయగాథ అన్నవాళ్లు ఆ మూలికమూటని ఇంకోసారి చూడాలి.

రెండేళ్లు గడిచాక ఆవిడ అతన్ని వదిలి, ఊరూ వదిలి, దిగువదేశంలో మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆ మొగుడూ పోయాడు. ఆ తర్వాత తనకన్నా చిన్నవాడైన ఇంకో ఫాదరీ, బార్తెలెమీ అనే అతను, జత అయ్యాడు. 1320లో బిషప్పు పిలిపించాడు. ఒకసారి వెళ్లింది, భయపడి పారిపోయింది, పట్టుకున్నారు. ఆవిడ సంచీ సోదా చేశారు.

ఆ సంచీలో ఏమున్నాయంటే, ఇద్దరు మనవల బొడ్డుపేగు ముక్కలు, కూతురు పెద్దమనిషి అయినప్పటి గుడ్డ, కాస్త కాలిన సాంబ్రాణి గింజలు, ఒక అద్దం, గుడ్డలో చుట్టిన చిన్న చాకు, పల్చటి గుడ్డలో కట్టిన ఏదో విత్తనం, ఒక ఎండు రొట్టెముక్క. చేతబడి సామగ్రి అనుకున్నారు. ఒక్కొక్కటీ ఎందుకని అడిగారు. సాంబ్రాణి తలనొప్పికి. విత్తనం మనవడి మూర్ఛజబ్బుకి ఎవరో యాత్రికుడు ఇచ్చాడు. బొడ్డుపేగు దగ్గరుంటే వ్యాజ్యంలో ఓడిపోరని ఒకావిడ చెప్పింది. కూతురి గుడ్డ, అల్లుడు పరాయి ఆడదాని వంక చూడకుండా ఉండటానికి. మన ఇళ్లల్లో ఎండిన బొడ్డుపేగుని తాయెత్తులో పెట్టి పిల్లల మొలకి కట్టడం నేనెరుగుదును. మీలో చాలామంది ఎరుగుదురు. మా అమ్మమ్మ భోషాణం తెరిచి ఎవడైనా ఇదెందుకు, ఇదెందుకు అని అడిగి రాసుకుంటే ఆవిడా చేతబడి కేసులో ముద్దాయే! కూతురి కాపరం గురించి బెంగ, మనవడి జబ్బు గురించి బెంగ, ఆస్తి తగాదా గురించి బెంగ. యాభైకి దగ్గరపడుతున్న ఆడమనిషి బెంగలన్నీ మూటగట్టుకుని వెంట తిప్పుకుంది. చరిత్రకారులు వీటిని మూఢనమ్మకాల అధ్యాయంలో వేశారు. ప్రేమల అధ్యాయంలో మాత్రం ఫాదరీని వేశారు.

1321 మార్చి 8న బెయాత్రిస్‌నీ, బార్తెలెమీనీ ఒకేసారి జైల్లో పెట్టారు. 1322 జులై 4న ఇద్దరినీ ఒకేరోజు వదిలారు. అతను మామూలు బట్టల్లో వెళ్లిపోయాడు. ఆవిడ బట్టల మీద మాత్రం జంట పసుపు శిలువలు కుట్టించారు.